లైనక్స్ ల్యాప్‌టాప్‌లో వైఫై నిలవకపోతే: మొదటి పింగ్ నుంచి యాంటెన్నా తీగ దాకా

మా అక్క కొడుకు ఉద్యోగ ఇంటర్వ్యూలకు తయారవుతున్న రోజుల్లో తన ఉబుంటు (లైనక్స్‌లో ఒక రకం) ల్యాప్‌టాప్‌తో నానా తిప్పలు పడ్డాడు. గదిలో బల్ల దగ్గర కూర్చుంటే వీడియో కాల్ గంటసేపైనా ఆగదు. హాల్లో సోఫాలో కూర్చుంటే మాత్రం పది నిమిషాలకోసారి అవతలివాళ్ళ గొంతు ముక్కలైపోయి, బొమ్మ బిగుసుకుపోయి, కాసేపటికి మళ్ళీ వచ్చేది. హాల్లో సిగ్నల్ లేదని వాడు తీర్మానించుకున్నాడు. రిపీటర్ కొన్నాడు. ఇంటర్నెట్‌లో దొరికిన కమాండ్లు ఆరేడు వరసపెట్టి కొట్టాడు. ఏదీ పనిచేయలేదు. పైగా రౌటర్ ఉన్నది ఆ హాల్లోనే, సోఫాకి నాలుగడుగుల దూరంలో.

కారణం ఎక్కడ దొరికిందో దాని చోటు వచ్చినప్పుడు చెప్తాను. వాడి దగ్గర నేను చూసిన అసలు ఇబ్బంది వేరు. ఏం జరుగుతోందో చూడకుండా మార్పులు చేసుకుంటూ పోయాడు. ఆరు మార్పులు ఒకేసారి చేస్తే, బాగుపడినా ఏది బాగుచేసిందో తెలియదు, పాడైతే ఏది పాడుచేసిందో తెలియదు. ముందు కొలవండి, తర్వాత ఒక్కటి మార్చండి, మళ్ళీ కొలవండి. పక్కన ఒక నోటుపుస్తకం పెట్టుకుని, తెగిన ప్రతిసారీ టైం రాయండి. ఈ ఒక్క అలవాటుతోనే సగం పని అయిపోతుంది.

ఇంకో పది నిమిషాల్లో పరీక్షో ఇంటర్వ్యూనో ఉండి ఇది చదువుతుంటే, మరమ్మతు జోలికి ఇప్పుడు పోకండి. ఆండ్రాయిడ్ ఫోన్‌ని ఇంటి వైఫైకి కలిపి, ఛార్జింగ్ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి గుచ్చి, ఫోన్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. ఫోన్ అందుకున్న వైఫై తీగ మీదుగా ల్యాప్‌టాప్‌కి వస్తుంది. చాలా లైనక్స్‌లలో విడిగా డ్రైవర్ (పరికరాన్ని నడిపే ప్రోగ్రాం) ఏమీ వేయక్కర్లేదు. పని అయ్యాక తీరిగ్గా ఇక్కడికి రండి.

కమాండ్ల గురించి ఒక మాట. వాటిని పలికినట్టే తెలుగులో రాస్తున్నాను. టెర్మినల్‌లో (కమాండ్లు కొట్టే కిటికీలో) మాత్రం ఇంగ్లీషు చిన్నబడి అక్షరాల్లో కొట్టాలి. పెద్దబడి కావాల్సిన చోట, స్పెల్లింగ్ తికమక పెట్టే చోట విడిగా చెప్తాను.

తెగుతున్నది గాలిలోనా, బయట లైన్లోనా

ల్యాప్‌టాప్ నుంచి వెబ్‌సైట్ దాకా రెండు మజిలీలు. ఒకటి ల్యాప్‌టాప్ నుంచి రౌటర్‌కి గాలిలో. రెండోది రౌటర్ నుంచి ఫైబర్ లేదా కేబుల్ మీదుగా బయటికి. రెండో మజిలీలో లోపముంటే లైనక్స్‌లో ఎన్ని మార్చినా వృథా. అందుకే ముందు ఇది తేల్చాలి.

టెర్మినల్ తెరిచి ఇది కొట్టండి:

ఐపీ రౌట్

మొదటి లైనులో డిఫాల్ట్ వయా అన్న మాటల తర్వాత ఒక చిరునామా కనిపిస్తుంది, చాలా ఇళ్ళల్లో 192.168.0.1 లేదా 192.168.1.1. అది మీ రౌటర్. అదే లైనులో డెవ్ అన్న మాట పక్కన మీ వైఫై ఇంటర్‌ఫేస్ పేరు ఉంటుంది, డబ్ల్యూఎల్‌పీ2ఎస్0 లాంటిదో డబ్ల్యూలాన్0 లాంటిదో. రెండూ నోటుపుస్తకంలో రాసుకోండి.

ఇప్పుడు రెండు టెర్మినల్ కిటికీలు పక్కపక్కన పెట్టి, ఒకదానిలో రౌటర్‌ని, ఇంకోదానిలో బయటి లోకాన్ని పలకరించండి:

పింగ్ 192.168.1.1
పింగ్ 8.8.8.8

వాటిని అలా నడవనిచ్చి మీ పని మీరు చేసుకోండి. నెట్ ఆగిన క్షణంలో రెండు కిటికీలూ చూడండి. రెండూ ఆగితే లోపం గాలిలో ఉంది, అంటే ల్యాప్‌టాప్‌లోనో రౌటర్‌లోనో. రౌటర్ జవాబిస్తూనే ఉండి 8.8.8.8 మాత్రం ఆగితే లోపం బయటి లైనుది, కనెక్షన్ ఇచ్చినవాళ్ళకి ఫోన్ చేయండి, మిగతాది చదవక్కర్లేదు. రెండూ హాయిగా నడుస్తున్నా వెబ్‌సైట్లు తెరుచుకోకపోతే పేర్లను చిరునామాలుగా మార్చే డీఎన్ఎస్ దగ్గర చిక్కు ఉంది. వైఫై సెట్టింగ్స్‌లో మీ నెట్‌వర్క్ పక్కనున్న పళ్ళచక్రం గుర్తు నొక్కి, ఐపీవీ4 పేజీలో డీఎన్ఎస్ ఆటోమేటిక్‌ని ఆపి, 1.1.1.1 ఇచ్చి చూడండి.

కంట్రోల్, సీ కలిపి నొక్కితే పింగ్ ఆగి లెక్క చెప్తుంది: ఎన్ని ప్యాకెట్లు (పంపిన చిన్న సందేశాలు) దారిలో తప్పిపోయాయి, సగటున ఎంత టైం పట్టింది అని. పక్క గదిలో ఉన్న రౌటర్ మామూలుగా పది మిల్లీసెకండ్లలోపు జవాబివ్వాలి. ప్యాకెట్లు పోకపోయినా, ఒకసారి 3, ఒకసారి 180, ఒకసారి 90 అని అంకె ఎగిరెగిరి పడుతుంటే దాన్ని గుర్తు పెట్టుకోండి, పవర్ సేవింగ్ దగ్గర మళ్ళీ వస్తుంది.

ఫోన్‌లో బాగానే వస్తోంది కాబట్టి తప్పు ల్యాప్‌టాప్‌దే అనుకునే ముందు ఫోన్లో మొబైల్ డేటా ఆపి చూడండి. వైఫై బలహీనపడగానే చాలా ఫోన్లు చెప్పకుండా మొబైల్ డేటాకి మారిపోతాయి. ఈ పోలికను నమ్మి మంచి ల్యాప్‌టాప్‌ని అనుమానించినవాళ్ళని చాలామందిని చూశాను.

మీ వైఫై కార్డు ఏదో తెలుసుకోండి

ఎల్ఎస్‌పీసీఐ మైనస్ కె

అని కొడితే పొడవాటి జాబితా వస్తుంది. అందులో నెట్‌వర్క్ కంట్రోలర్ అన్న చోట కార్డు పేరు, దాని కింద కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్ అన్న లైనులో డ్రైవర్ పేరు ఉంటాయి. ఇంటెల్ కార్డులకు ఐడబ్ల్యూఎల్‌వైఫై, క్వాల్కమ్ ఎథిరాస్ కార్డులకు ఏటీహెచ్ అని మొదలయ్యే పేరు, మీడియాటెక్ కార్డులకు ఎంటీ7921ఈ లాంటిది, రియల్‌టెక్‌కి ఆర్‌టీఎల్ లేదా ఆర్‌టీడబ్ల్యూ అని మొదలయ్యేది. వీటితోపాటు యూనేమ్ మైనస్ ఆర్ అని కొట్టి కెర్నల్ (లైనక్స్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రాం) వెర్షన్ కూడా రాసుకోండి. యూనేమ్‌లో యూ ఒక్క అక్షరమే, తర్వాత నేమ్. ఎవరినైనా సాయం అడిగినప్పుడు వాళ్ళు మొదట అడిగేది ఈ మూడే.

తెగిన క్షణంలో కెర్నల్ ఏమంది

నా దృష్టిలో మొత్తం పనిలో అతి విలువైన అడుగు ఇదే, ఎక్కువమంది దాటేసేదీ ఇదే. కనెక్షన్ తెగిన ప్రతిసారీ కెర్నల్ దాదాపుగా ఏదో ఒకటి రాసిపెడుతుంది. దాన్ని ప్రత్యక్షంగా చూడాలంటే:

సుడో జర్నల్‌సీటీఎల్ మైనస్ కె మైనస్ ఎఫ్

సుడో అంటే అడ్మిన్ హక్కులతో నడపమని. జర్నల్ అన్న మాటకు సీ, టీ, ఎల్ అతికించాలి. ప్రతి మైనస్‌కి ముందు ఒక ఖాళీ ఉండాలి, దాని తర్వాత అక్షరాన్ని అంటించాలి. ఈ కిటికీని తెరిచి ఉంచి, తెగేదాకా ఓపిక పట్టండి.

డీఆథెంటికేటింగ్ అని మొదలై, చివర బై లోకల్ ఛాయిస్, రీజన్ 3 అని ఉంటే తెంపుకున్నది ల్యాప్‌టాప్. ఏదో ప్రోగ్రాం దాన్ని వదిలెయ్యమంది, లేదా ఇంకో రౌటర్‌కి మారింది. డీఆథెంటికేటెడ్ ఫ్రమ్ అని రౌటర్ చిరునామా ఉంటే తెంపింది రౌటర్. ఇంగ్లీషులో రెంటికీ తేడా చివరి రెండు మూడు అక్షరాలే, కానీ ముద్దాయి మారిపోతాడు. కనెక్షన్ టు ఏపీ (ఇక్కడ ఏపీ అంటే రౌటరే), చివర లాస్ట్ అని ఉంటే రౌటర్ మాట ల్యాప్‌టాప్‌కి వినపడటం ఆగిపోయింది, అంటే సిగ్నల్, అడ్డంకి, యాంటెన్నా వైపు చూడాలి. రీజన్ 15 అంటే తాళంచెవి మార్పిడి టైంకి పూర్తవలేదని. పాస్‌వర్డ్ తప్పు కావచ్చు, రౌటర్ భద్రతా సెట్టింగ్‌తో పేచీ కావచ్చు. ఇంటెల్ కార్డు దగ్గర మైక్రోకోడ్ ఎస్‌డబ్ల్యూ ఎర్రర్ డిటెక్టెడ్ అని వచ్చి, వెంట గుట్టగా అంకెలు కురిస్తే కార్డు లోపల నడిచే ఫర్మ్‌వేర్ అనే ప్రోగ్రాం కూలిపోయి తిరిగి లేచింది. దానికి రౌటర్‌ని కదిపి లాభం లేదు, నేరుగా డ్రైవర్ సంగతి చూడండి.

తెగిపోయాక గుర్తొచ్చినా పర్లేదు. ఎఫ్ తీసేసి అదే కమాండ్ కొట్టి, నోటుపుస్తకంలో రాసిన టైం దగ్గరికి వెళ్ళి చదవండి. టైం రాయమన్నది ఇందుకే.

సిగ్నల్ ఎంత, ఏ ఛానల్

సుడో ఐడబ్ల్యూ డెవ్ డబ్ల్యూఎల్‌పీ2ఎస్0 లింక్

ఇంటర్‌ఫేస్ పేరు మీది పెట్టండి. ఐడబ్ల్యూ లేదంటే ఆ పేరుతోనే ప్యాకేజీ దొరుకుతుంది. సిగ్నల్ అన్న చోట మైనస్ అంకె ఉంటుంది. సున్నాకి ఎంత దగ్గరైతే అంత మంచిది. మైనస్ 50 ప్రాంతంలో ఉంటే దివ్యంగా ఉన్నట్టు. మైనస్ 67 దాకా వీడియో కాల్‌కి సరిపోతుంది. మైనస్ 75 దాటితే ఇబ్బంది మొదలవుతుంది, మైనస్ 80 దాటాక నిలవదు. రౌటర్ పక్కనే కూర్చున్నా మైనస్ 75 కన్నా మెరుగు కాకపోతే గోడల తప్పు కాదది, యాంటెన్నాది.

చుట్టుపక్కల ఎవరెవరు ఏ ఛానల్లో ఉన్నారో ఇది చూపిస్తుంది:

ఎన్ఎంసీఎల్ఐ డివైస్ వైఫై లిస్ట్

ఎన్, ఎం, సీ, ఎల్, ఐ అయిదక్షరాల మాట. వైఫై మధ్యలో గీత పెట్టకూడదు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో అపార్ట్‌మెంట్లో ఉంటే ఇరవై ముప్ఫై పేర్లు రావడం మామూలే. వైఫై నడిచే బ్యాండ్లలో ఒకటైన 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానిమీద ఒకటి పడకుండా ఉండే ఛానళ్ళు మూడే: 1, 6, 11. మీ రౌటర్ 3లోనో 9లోనో ఉంటే రెండు వైపులా గోలే. రౌటర్ సెట్టింగ్స్‌లో ఛానల్‌ని ఆటోమేటిక్‌కి వదలకుండా, ఆ మూడింటిలో జనం తక్కువున్నది ఎంచి, వెడల్పు 20 మెగాహెర్ట్జ్ పెట్టండి.

వీలైతే 5 గిగాహెర్ట్జ్‌కి మారండి. అక్కడ చోటు ఎక్కువ, కానీ కాంక్రీటు గోడ దాటేసరికి నీరసపడిపోతుంది. 52 నుంచి 144 దాకా ఉన్న ఛానళ్ళను రాడార్లతో పంచుకోవాలి. రాడార్ ఉందనిపిస్తే రౌటర్ ఆ ఛానల్‌ని ఉన్నపళంగా వదిలేయాలన్నది నియమం, అప్పుడు మీ కాల్ తెగుతుంది. అందుకని ఇంట్లో 36 నుంచి 48, లేదా 149 నుంచి 161 మధ్య పెట్టుకోండి.

రెండు బ్యాండ్లకూ ఒకే పేరు ఉంటే ల్యాప్‌టాప్ అటూ ఇటూ గెంతుతూ ప్రతి గెంతుకీ ఒక్క క్షణం ఆగుతుంది. రౌటర్‌లో రెండు పేర్లు విడదీయండి. అది మీ చేతిలో లేకపోతే ల్యాప్‌టాప్‌లో ఎన్ఎం కనెక్షన్ ఎడిటర్ అనే ప్రోగ్రాం తెరిచి, మీ నెట్‌వర్క్ వైఫై పేజీలో బ్యాండ్ అన్న చోట 5 గిగాహెర్ట్జ్ ఎంచండి.

అమెరికా నుంచి తెచ్చుకున్న ల్యాప్‌టాప్‌లకు ఇంకో సంగతి ఉంది. అక్కడ 2.4లో 11వ ఛానల్ దాకానే వాడతారు, ఇక్కడ 13 దాకా ఉంది. రౌటర్ 12లోనో 13లోనో కూర్చుంటే ఆ ల్యాప్‌టాప్‌కి అది కనపడకపోవచ్చు. ఐడబ్ల్యూ రెగ్ గెట్ అని కొడితే ఏ దేశపు నియమాలతో నడుస్తోందో తెలుస్తుంది. దేశం తెలియకపోతే 00 అని చూపిస్తుంది. సుడో ఐడబ్ల్యూ రెగ్ సెట్ అని, చివర ఐ, ఎన్ అన్న రెండు పెద్దబడి అక్షరాలు పెడితే భారతదేశానికి మారుతుంది. కొన్ని కార్డులు, ముఖ్యంగా ఇంటెల్‌వి, ఈ మాట వినవు, దేశాన్ని అవే నిర్ణయించుకుంటాయి. అప్పుడు రౌటర్‌ని 1, 6, 11లోకి తేవడమే తేలిక.

బల్ల మీద కూడా ఒక కన్నేయండి. యూఎస్‌బీ 3 హార్డ్‌డిస్కులు, హబ్‌లు 2.4 గిగాహెర్ట్జ్‌లో రొద పుట్టిస్తాయి. హార్డ్‌డిస్క్ గుచ్చినప్పుడే వైఫై పడిపోతుంటే దాన్ని పొడుగు కేబుల్‌తో దూరంగా పెట్టండి. బ్లూటూత్ హెడ్‌సెట్ పెట్టుకున్నప్పుడే తెగుతున్నా 5 గిగాహెర్ట్జ్‌కి వెళ్ళడమే మందు, ఎందుకంటే బ్లూటూత్ కూడా 2.4లోనే నడుస్తుంది, పైగా చాలా కార్డుల్లో రెండూ ఒకే యాంటెన్నా పంచుకుంటాయి.

పవర్ సేవింగ్

మా అక్క కొడుకు కథ తేలింది ఇక్కడే. వాడి ల్యాప్‌టాప్‌లో సోఫా దగ్గర సిగ్నల్ చూస్తే మైనస్ 41. అంతకన్నా మంచి సిగ్నల్ అక్కర్లేదు. కానీ రౌటర్‌కి పింగ్ మాత్రం 4, 210, 130, 6, 300 అని గెంతుతోంది. ఛార్జర్ ఎక్కడరా అని అడిగాను. గదిలో బల్ల దగ్గర ఉందన్నాడు. తెచ్చి సోఫా పక్కన ప్లగ్‌లో పెట్టగానే, మా కళ్ళముందే, అంకెలు 3, 4, 3, 5కి దిగి అక్కడే నిలబడ్డాయి. ఛార్జర్ పీకాం, మళ్ళీ గెంతడం మొదలు. తేడా గదికీ హాలుకీ కాదు, కరెంటుకీ బ్యాటరీకీ.

బ్యాటరీ మిగల్చడానికి వైఫై కార్డు మధ్యమధ్య కునుకు తీస్తుంది. అది నిద్రలో ఉన్నంతసేపు రౌటర్ ప్యాకెట్లను దాచిపెట్టి, లేచాక ఇస్తుంది. కార్డు, డ్రైవర్, రౌటర్ ముగ్గురూ సరిగ్గా మాట్లాడుకుంటే మనకు తెలియనే తెలియదు. ఒకరు తడబడినా ఆలస్యం, ఒక్కోసారి తెగిపోవడం. ఎలా ఉందో చూడాలంటే:

ఐడబ్ల్యూ డెవ్ డబ్ల్యూఎల్‌పీ2ఎస్0 గెట్ పవర్_సేవ్

పవర్‌కీ సేవ్‌కీ మధ్య కింద గీత ఉండాలి. ఆన్ అని వస్తే తాత్కాలికంగా ఆపి చూడండి:

సుడో ఐడబ్ల్యూ డెవ్ డబ్ల్యూఎల్‌పీ2ఎస్0 సెట్ పవర్_సేవ్ ఆఫ్

రీస్టార్ట్ చేస్తే ఇది పోతుంది కాబట్టి భయపడక్కర్లేదు. ఒక అరగంట పింగ్ నడిపి చూడండి. బాగుపడితేనే శాశ్వతం చేయండి. ఉబుంటులో ఈటీసీ ఫోల్డర్‌లో నెట్‌వర్క్‌మేనేజర్ ఫోల్డర్ ఉంటుంది, పేరులో ఎన్, ఎం పెద్దబడి. దాని లోపల కాన్ఫ్.డీ ఫోల్డర్‌లో పవర్‌సేవ్ అన్న మాటతో ఒక ఫైలు, అందులో వైఫై.పవర్‌సేవ్ = 3 అనే లైను ఉంటాయి. 3 అంటే ఆన్, 2 అంటే ఆఫ్. సుడోతో తెరిచి 3ని 2 చేసి, సేవ్ చేసి, ల్యాప్‌టాప్ రీస్టార్ట్ చేయండి.

టీఎల్‌పీ (బ్యాటరీ ఆదా చేసే ప్రోగ్రాం) వేసుకున్నవాళ్ళు ఇంకో చోట కూడా చూడాలి. కరెంటులో ఉన్నప్పుడు వైఫై పవర్ సేవింగ్ ఆపి, బ్యాటరీ మీద ఆన్ చేయడం దాని సహజ అమరిక. మా ఇంట్లో జరిగింది అచ్చంగా అదే. ఈటీసీలో టీఎల్‌పీ.కాన్ఫ్ ఫైలు తెరిచి, వైఫై_పీడబ్ల్యూఆర్_ఆన్_బ్యాట్ అన్న లైను (అన్నీ పెద్దబడి అక్షరాలు) ముందున్న హాష్ గుర్తు తీసేసి, విలువ ఆఫ్ అని పెట్టండి. బ్యాటరీ కొంచెం త్వరగా తగ్గుతుంది. కాల్ తెగడంతో పోలిస్తే అది పెద్ద ధర కాదు.

డ్రైవర్, ఫర్మ్‌వేర్, కెర్నల్

కెర్నల్ రాసిపెట్టిన లాగ్‌లో ఫర్మ్‌వేర్ మాట కనిపించినవాళ్ళు, ఇప్పటిదాకా చేసినవాటితో బాగుపడనివాళ్ళు ముందు మామూలు అప్‌డేట్లన్నీ వేయండి. వైఫై ఫర్మ్‌వేర్ ఉబుంటులో లైనక్స్ ఫర్మ్‌వేర్ అనే ప్యాకేజీలో వస్తుంది. డెబియన్ అనే ఇంకో లైనక్స్‌లో, 2023లో వచ్చిన 12వ వెర్షన్ నుంచి ఇన్‌స్టాలర్‌లోనే ఫర్మ్‌వేర్ కలిపి ఇస్తున్నారు. అంతకు ముందుది వాడుతుంటే విడిగా వేసుకోవాల్సి రావచ్చు.

మొన్నటిదాకా బాగుండి అప్‌డేట్ తర్వాత పాడైతే, ల్యాప్‌టాప్ లేచేటప్పుడు షిఫ్ట్ లేదా ఎస్కేప్ నొక్కి ఏ కెర్నల్‌తో లేవాలో ఎంచుకునే గ్రబ్ మెనూ తెప్పించి, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో పాత కెర్నల్‌తో లేపి చూడండి. పాతదానిలో బాగుంటే దోషి దొరికినట్టే. అలాగే కొత్త ల్యాప్‌టాప్, పాత ఉబుంటు అయితే తాజా వెర్షన్‌ని పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఇన్‌స్టాల్ చేయకుండా నడిపి చూడండి. అరగంటలో తేలిపోతుంది. ఉదాహరణకు రియల్‌టెక్ 8821సీఈకి కెర్నల్ 5.9 నుంచే లోపల డ్రైవర్ ఉంది. అంతకు ముందు రోజుల్లో బయట నుంచి తెచ్చి వేసిన డ్రైవర్ ఇంకా మిగిలి ఉంటే తీసేయండి, రెండూ కొట్టుకుంటాయి.

ఇక డ్రైవర్ ఆప్షన్లు. ఈటీసీలో మోడ్‌ప్రోబ్.డీ ఫోల్డర్‌లో, చివర డాట్ కాన్ఫ్ ఉండే కొత్త ఫైలు చేసి ఒక్క లైను రాయాలి. ఏ లైనన్నది కార్డుని బట్టి ఉంటుంది. ఇంకొకరి కార్డు లైను మీకు పనికిరాదు.

రియల్‌టెక్ 8723బీఈ ఉండి, రౌటర్ పక్కనే సిగ్నల్ మైనస్ 75కి దిగువన ఉంటే: ఆప్షన్స్ ఆర్‌టీఎల్8723బీఈ యాంట్_సెల్=2 (సెల్ అంటే ఎస్, ఈ, ఎల్). ఈ కార్డులో యాంటెన్నాకి రెండు చోట్లు ఉంటాయి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఒకే తీగ ఇచ్చి, డ్రైవర్ వెతకని రెండో చోట తగిలించారు. 2తో కాకపోతే 1 పెట్టండి. సరైనది తగిలితే సిగ్నల్ ఒక్కసారిగా ఇరవై ముప్ఫై మెట్లు ఎక్కుతుంది.

ఇంటెల్‌కి: ఆప్షన్స్ ఐడబ్ల్యూఎల్ఎంవీఎం పవర్_స్కీమ్=1. ఇది కార్డుని ఎప్పుడూ మెలకువగా ఉంచుతుంది. కొత్త రియల్‌టెక్‌లకు, డ్రైవర్ పేరు ఆర్‌టీడబ్ల్యూ_88 తరహాలో ఉంటే: ఆప్షన్స్ ఆర్‌టీడబ్ల్యూ88_పీసీఐ డిజేబుల్_ఏఎస్‌పీఎం=1. ఏది రాసినా రీస్టార్ట్ చేసి కొలవండి. లాభం లేకపోతే ఆ ఫైలు తీసేయండి, పనికిరాని మార్పుల్ని పోగుచేసుకోవద్దు.

మూత తెరిచాక మాత్రమే పోతుంటే

స్లీప్ నుంచి లేచాక వైఫై మాయమైతే డ్రైవర్‌ని దించి మళ్ళీ ఎక్కించడం తాత్కాలిక ఉపాయం: సుడో మోడ్‌ప్రోబ్ మైనస్ ఆర్, తర్వాత డ్రైవర్ పేరు; ఆపై మైనస్ ఆర్ లేకుండా అదే. ఇంటెల్‌కి ముందు ఐడబ్ల్యూఎల్ఎంవీఎం దించి, తర్వాత ఐడబ్ల్యూఎల్‌వైఫై దించాలి. విండోస్ కూడా ఉన్న ల్యాప్‌టాప్‌లో విండోస్ వాడి వచ్చాకే ఇలా అవుతుంటే, విండోస్ పవర్ సెట్టింగ్స్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి. అది కార్డుని పూర్తిగా ఆర్పకుండా వదిలేస్తుంది.

రౌటర్ తెంపుతోందని లాగ్ చెప్తే

భద్రత డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 కలిపి ఉంటే కొంతకాలం డబ్ల్యూపీఏ2, ఏఈఎస్ మాత్రమే పెట్టి చూడండి. టీకేఐపీ ఎక్కడ కనిపించినా తీసేయండి, పాతది, వేగాన్నీ 54 మెగాబిట్‌లకు కట్టేస్తుంది. రౌటర్ ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఉంటే వేయండి.

ల్యాప్‌టాప్ అడుగు మూత విప్పాల్సి వస్తే

కీబోర్డో స్క్రీన్ మడిచే హింజో మార్పించాక మొదలైన వైఫై జబ్బుకి తొంభై పాళ్ళు మందు స్క్రూడ్రైవరే. కార్డు మీద గుండుసూది తలంత బంగారు గుండీలు రెండుంటాయి, వాటికి తగిలే సన్నటి నల్ల, తెల్ల తీగలు యాంటెన్నాలకు వెళ్ళేవి. అవి హింజ్ మీదుగా స్క్రీన్ వెనక్కి వెళ్తాయి. ఒకటి ఊడితే సిగ్నల్ ఉంటుంది కానీ నిలవదు. స్క్రీన్ కదిపినప్పుడల్లా సిగ్నల్ మారుతుంటే హింజ్ దగ్గర తీగ నలిగిందని అర్థం. బ్యాటరీ కనెక్టర్ తీశాకే ముట్టుకోండి. తీగ తలని గుండీకి సరిగ్గా ఎదురుగా పెట్టి బొటనవేలితో నొక్కితే చిన్నగా టిక్ అంటుంది. పక్కకి లాగితే గుండీ ఊడొస్తుంది.

కార్డు మార్చక తప్పకపోతే ఇంటెల్ ఏఎక్స్210 లైనక్స్‌లో బాగా కుదురుకున్న కార్డు, ఎం.2 2230 సైజు. పేరు దగ్గరగా ఉంది కదా అని ఏఎక్స్201, ఏఎక్స్211 కొనకండి. అవి అందుకు తగిన ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న ల్యాప్‌టాప్‌లలోనే పనిచేస్తాయి, ఏఎండీ ల్యాప్‌టాప్‌లో అసలు లేవవు. పాత ల్యాప్‌టాప్‌లలో కొన్నిటి బయోస్ (ల్యాప్‌టాప్ లేవగానే మొదట నడిచే ప్రోగ్రాం) తనకు తెలియని కార్డుని ఒప్పుకోదు, డబ్బు పెట్టేముందు మీ మోడల్ పేరుతో వెతికి చూసుకోండి. కొత్త కార్డు బిగించాక మొదటి పని మళ్ళీ అదే: రౌటర్‌కి పింగ్ పెట్టి, ఛార్జర్ తీసి, ఒక గంట వదిలేయండి.